మిషను ఎప్పుడాగింది, ఎందుకాగింది: చిన్న ఫ్యాక్టరీలో రియల్‌టైమ్ మానిటరింగ్ పెట్టుకునే పద్ధతి

పలాస-కాశీబుగ్గలో ఏ జీడిపప్పు ఫ్యాక్టరీ ఓనరునైనా "నిన్న పీలింగ్ మిషను ఎంతసేపు ఆగింది?" అని అడగండి. "ఎక్కడాగింది? పొద్దుట్నుంచీ నడుస్తూనే ఉంది" అంటారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆఫీసు గదిలో కూర్చుంటే, పప్పు పొట్టు ఊడదీసే ఆ మిషనుకి గాలి పంపే కంప్రెసరు మోత వినిపిస్తూనే ఉంటుంది. మోత ఉంటే పని జరుగుతున్నట్టే లెక్క. కానీ పైపు జాయింట్లలో గాలి కారిపోతున్నా కంప్రెసరు అలాగే మోగుతుంది.

ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మోటార్లు, ప్యానెళ్లు చూసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. రైసుమిల్లులు, జీడిపప్పు ఫ్యాక్టరీలు, బొబ్బిలి గ్రోత్ సెంటరు పక్క లేతు షాపులు నా గిరాకీలు. ఈ మధ్య చాలామంది "మాకూ ఆ ఐఓటీ ఏదో పెట్టండి" అంటున్నారు. ఐఓటీ అంటే మిషనుకి సెన్సరు తగిలించి, అది చెప్పే అంకెల్ని నెట్‌వర్కు మీద చూసుకోవడం. పెట్టించుకున్నవాళ్లలో సగం మంది ఆర్నెల్లు తిరక్కుండానే దాన్ని చూడటం మానేస్తున్నారు. ఎందుకు మానేస్తున్నారో నాకు అర్థమైనంతలో, మానేయకుండా ఉండాలంటే ఏ వరసలో పెట్టుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకి జీడిపప్పు ఫ్యాక్టరీని తీసుకుంటాను. మీది వేరే పనైనా వరస ఇదే.

మొదటి అడుగు: వారం రోజులు పెన్సిలు, పుస్తకం

సెన్సరు కొనకండి. ముందు ఒక్క మిషను ఎంచుకోండి. ఏ మిషనంటే, ఏ మిషను ముందు సరుకు పేరుకుపోతోందో అది. బోర్మాలోంచి (పప్పుని వేడితో ఎండబెట్టే గదిలోంచి) తీసిన ట్రేలు పీలింగ్ మిషను ముందు దొంతర్లుగా ఎదురుచూస్తుంటే మీ ఫ్యాక్టరీ రోజుకి ఎంత పప్పు తీయగలదో ఆ పీలింగ్ మిషనే తేలుస్తోందన్నమాట. దాని వెనకున్న కటింగ్ మిషన్లని ఎంత పరిగెత్తించినా దొంతర పెరుగుతుందే తప్ప డబ్బాలో పడే పప్పు పెరగదు. లేతు షాపులో అయితే "ఆ మిల్లింగ్ మిషను ఖాళీ అయితే చేస్తా" అని నలుగురూ ఏ మిషను పేరు చెబుతారో అదే.

ఆ మిషనుకి ఒక నోటుబుక్కు కట్టండి. మూడు గళ్లు చాలు: ఆగిన టైము, మళ్లీ మొదలైన టైము, ఎందుకు. పెన్ను కడితే మూడోరోజుకి కనబడదు. పెన్సిలుకి పురికొస కట్టి వేలాడదీయండి. ఎదురుగా గోడకి ఒక గడియారం పెట్టండి, లేకపోతే ఎవరి సెల్లు టైము వాళ్లదే.

వారమయ్యాక చూస్తే రాతలన్నీ నిజాలు కావు. పది నిమిషాలు, పావుగంట, అరగంట అనే అంకెలే ఉంటాయి. ఏడు నిమిషాలు ఆగినట్టు ఎవరూ రాయరు. రెండేసి నిమిషాల ఆగుళ్లు అసలు పుస్తకంలోకే ఎక్కవు. ఫర్వాలేదు. ఈ పుస్తకం మనకి టైముల కోసం కాదు, మూడో గడి కోసం. వారంలో ఎన్ని రకాల కారణాలు రాశారో అవే రేపు మీ బటన్లు అవుతాయి. ఈ వారం దాటేసి నేరుగా సెన్సరు పెట్టినచోటే, మిషను ఎప్పుడాగిందో తప్ప ఎందుకాగిందో తెలియని గ్రాఫులు చూసి విసుగొచ్చి మానేస్తున్నారు.

ఎప్పుడాగిందో, ఎంతసేపాగిందో మిషను చెబుతుంది. ఎందుకాగిందో పక్కన నిలబడ్డ మనిషే చెప్పాలి. ఇక మీదట మనం చేసే ప్రతి పనీ ఈ రెంటినీ ఒకచోట కలపడానికే.

రెండో అడుగు: సెన్సరు ఎంచుకోవడం

మిషను నడుస్తోందా లేదా అని తెలుసుకోవడానికి అతి తేలిక దారి కరెంటు కొలవడం. మోటారు వైరుకి బట్టల క్లిప్పులా తగిలించే సీటీ (కరెంటు ట్రాన్స్‌ఫార్మరు) క్లాంపు దొరుకుతుంది. వైరు కోయక్కర్లేదు, మిషను గ్యారంటీ పోదు. ఎస్‌సీటీ-013 అనే రకం చిన్న మోటార్లకి సరిపోతుంది. అందులో 030 నంబరుది 30 ఆంపియర్లకి 1 వోల్టు ఇస్తుంది, కాబట్టి అంకెలు చదివి పంపే చిన్న బోర్డుకి కలపడం సులువు.

మొట్టమొదటిసారి నేను చేసిన తప్పు చెబుతాను. త్రీఫేజ్ కేబులు మొత్తాన్నీ కలిపి క్లాంపు తగిలించాను. మిషను గుయ్యిమంటూ తిరుగుతోంది, స్క్రీను మీద సున్నా. ఒక పూటంతా బోర్డు మార్చి, ప్రోగ్రాము మార్చి, చివరికి ఓనరు "కరెంటు లేకుండా తిరుగుతోందేటండి మిషను?" అన్నాక బుర్ర వెలిగింది. మూడు ఫేజుల కరెంట్లూ కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. క్లాంపు ఒక్క ఫేజు వైరుకే తగిలించాలి. ప్యానెల్లో కాంటాక్టరు దగ్గర వైర్లు విడివిడిగా ఉంటాయి, అక్కడ పెట్టండి. మెయిను ఆపి, టెస్టరుతో చూసి, లైసెన్సున్న వైర్‌మన్ చేతే పెట్టించండి. పెద్ద ప్యానెళ్లలో ఉండే 5 ఆంపియర్ల సీటీలైతే, కరెంటు పారుతుండగా వాటి రెండో వైపు వైరు ఎప్పుడూ ఊడదీయకూడదు. అక్కడ పుట్టే వోల్టేజి ప్రాణం తీస్తుంది.

రెండో తిరకాసు దీనికంటే పెద్దది. ఇండక్షన్ మోటారు లోడు లేకుండా వట్టిగా తిరిగినా, ఫుల్ లోడు ఆంపియర్లలో మూడో వంతు నుంచి సగం దాకా లాగుతుంది. కాబట్టి "ఆంపియర్లున్నాయి, మిషను పనిచేస్తోంది" అనుకుంటే బోల్తా పడతారు. హాపరు ఖాళీగా ఉండి బెల్టు ఊరికే తిరుగుతున్నా స్క్రీను మీద పచ్చరంగే కనిపిస్తుంది. వట్టి ఆంపియర్లలో ఎక్కువ భాగం మోటారు అయస్కాంతానికి పోయేది, పనికి పోయేది కాదు. పని ఎంతో తెలియాలంటే కిలోవాట్లు చూడాలి. అందుకని ముఖ్యమైన మిషనుకి సీటీ బదులు ఆర్ఎస్-485 (వైరు మీద అంకెలు పంపే పద్ధతి) అవుట్‌పుట్ ఉన్న డిజిటల్ ఎనర్జీ మీటరు పెట్టమంటాను. మోడ్‌బస్ పద్ధతిలో మాట్లాడుతుంది. ఈ పద్ధతి 1979 నాటిది, ఏ కంపెనీ మీటరైనా దాదాపు దీన్ని అర్థం చేసుకుంటుంది. కిలోవాట్లతో పాటు ఫేజు వోల్టేజి, పవర్ ఫ్యాక్టరు కూడా ఇస్తుంది కాబట్టి పవర్ ఫ్యాక్టరుని నిలబెట్టే కెపాసిటరు బ్యాంకు పోయిన సంగతి బిల్లు రాకముందే తెలుస్తుంది.

మీటరు పెట్టాక ఒక రోజు దగ్గరుండి మూడు అంకెలు రాసుకోండి. మిషను ఆపినప్పుడు ఎంత, వట్టిగా తిరిగినప్పుడు ఎంత, సరుకు పడుతున్నప్పుడు ఎంత. వట్టిదానికీ లోడుకీ మధ్యలో గీత గీయండి. గీతకి పైన ఉంటే పని, కింద ఉంటే వట్టి తిరుగుడు, సున్నా దగ్గరుంటే ఆగినట్టు. మిషనుకి రెండు కాదు, మూడు స్థితులుంటాయి. చిన్న ఫ్యాక్టరీల్లో కళ్లు తెరిపించేది ఈ మధ్యదే.

మిగతా సెన్సర్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. సీఎన్‌సీ (కంప్యూటరు నడిపే) మిషను నెత్తిన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దీపాల స్తంభం ఉంటుంది. ఆకుపచ్చ దీపానికి వెళ్లే 24 వోల్టుల్ని ఆప్టోకప్లరు (రెండు వైపుల వైర్లూ కలవకుండా కాంతితో సిగ్నలు దాటించే చిప్పు) ద్వారా తీసుకుంటే చాలు, వేరే సెన్సరు అక్కర్లేదు. రైసుమిల్లు ఎలివేటరుకి కింది షాఫ్టు మీద ఇనుప బోల్టు ఒకటి బిగించి, దాని ఎదురుగా ఇనుము దగ్గరికొస్తే సిగ్నలిచ్చే ఇండక్టివ్ ప్రాక్సిమిటీ సెన్సరు పెట్టండి. బెల్టు జారుతుంటే చుట్లు తగ్గడం కనబడుతుంది. జూట్ మగ్గానికైనా ఇదే ఉపాయం. కాంతితో పనిచేసే సెన్సర్లని ఊకధూళి, జీడిపొట్టు ఉన్నచోట పెట్టకండి. వారానికోసారి తుడవాలి, ఎవరూ తుడవరు. ప్రాక్సిమిటీ సెన్సరు 24 వోల్టులది, బోర్డు 3.3 వోల్టులది. నేరుగా కలిపితే బోర్డు మాడిపోతుంది, మధ్యలో ఆప్టోకప్లరు తప్పనిసరి.

మూడో అడుగు: అంకెలు పెట్టెలోంచి బయటికి

ఈఎస్‌పీ32 అనే చిన్న బోర్డు ఈ పనికి చాలు. వందల్లో దొరుకుతుంది, వైఫై అందులోనే ఉంటుంది. ఆఫీసులో ఒక రాస్ప్‌బెర్రీ పై గానీ పాత కంప్యూటరు గానీ పెట్టి, ఎంక్యూటీటీ పద్ధతిలో (చిన్న చిన్న సందేశాలుగా) బోర్డు పంపే అంకెల్ని అందుకోవాలి. అంకెల్ని అందుకుని సర్దడానికి నోడ్-రెడ్, గ్రాఫులు గీయడానికి గ్రఫానా, రెండూ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు. పాలిటెక్నిక్ చదివే కుర్రాడు వారంలో నేర్చుకుంటాడు.

మన దగ్గర చిక్కంతా రేకుల షెడ్డుతోనూ, కరెంటుతోనూ వస్తుంది. రేకుల మధ్య వైఫై సరిగా అందదు. దానికితోడు ఈఎస్‌పీ32 కి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. కొత్త రౌటర్లలో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఆన్‌లో ఉంచి "బోర్డు పాడైంది" అని ఫోను చేసినవాళ్లున్నారు. దూరం ఎక్కువైతే వైఫైతో కుస్తీ పట్టకుండా ఆర్ఎస్-485 వైరు లాగేయండి. వేగం తక్కువైతే 1,200 మీటర్ల దాకా వెళుతుంది. మోటారు కేబుళ్లు వెళ్లే పైపులోంచి మాత్రం లాగొద్దు.

కరెంటు పోయినప్పుడు మీ పెట్టె కూడా ఆరిపోతే, ఆ ఆగుడు లెక్కలోకే రాదు. సాయంత్రం చూస్తే మిషను హాయిగా నడిచినట్టు ఉంటుంది. కాబట్టి బోర్డుకి చిన్న బ్యాటరీ, లైను వోల్టేజి ఉందో లేదో చూసే ఒక ఇన్‌పుట్, టైము గుర్తుపెట్టుకునే డీఎస్3231 గడియారం చిప్పు, ఈ మూడూ పెట్టండి. నెట్టు లేకపోయినా అంకెలు బోర్డులో ఉండి, నెట్టు వచ్చాక వెళ్లాలి. అప్పుడు "కరెంటు లేక ఆగింది" అనేది ఎవరూ బటను నొక్కకుండానే నమోదవుతుంది. నెలాఖరుకి లైన్‌మన్‌తో మాట్లాడేటప్పుడు "అస్తమానూ పోతోంది" అనే బదులు తేదీ, గంట, నిమిషాలతో కాగితం ఇస్తే ఆ మాట తూకమే వేరు.

ఉద్దానం వైపు ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక స్తంభాలు ఎలా ఒరిగిపోయాయో చూశాం. అలాంటి నష్టం తర్వాత లైన్లు మళ్లీ లాగినప్పుడు ఒక్కోచోట ఫేజుల వరస తారుమారవుతుంది. స్విచ్చి వేయగానే మోటారు వెనక్కి తిరుగుతుంది. ఎలివేటరు వెనక్కి తిరిగితే బకెట్లు పోతాయి, స్క్రూ కంప్రెసరు వెనక్కి తిరిగితే కంప్రెసరే పోతుంది. వరస తప్పితే మోటారుని తిరగనివ్వని ఫేజ్ సీక్వెన్స్ రిలే లేకుండా మానిటరింగ్ మీద ఖర్చు పెట్టడం, తలుపు లేని ఇంటికి కెమేరా బిగించినట్టు ఉంటుంది.

నాలుగో అడుగు: బటన్లు, అంటే మనుషులు

మొదట పెట్టినచోట పనివాళ్లకి చెప్పకుండా పెట్టాం. ఓనరు వద్దన్నారు, నేనూ సరేనన్నాను. పెట్టె మీద ఎర్రదీపం చూసి పీలింగ్ దగ్గర పనిచేసే పెద్దమ్మ అడిగింది: "మా మీద కెమేరా ఎట్టినారేటి బాబూ? కూలి కోసీడానికేనా ఇది?"

కాదని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. నేనైనా నమ్మేవాణ్ణి కాదు. మర్నాటి నుంచీ మిషను వట్టిగా తిరగడం మొదలైంది. సరుకు లేకపోయినా ఎవరూ ఆపడం లేదు, ఆపితే ఎర్రదీపం వెలుగుతుందని. కరెంటు ఖర్చు పెరిగింది, అంకెలు బాగుపడ్డాయి. పెట్టినందుకు నష్టమే మిగిలింది.

రెండోసారి పద్ధతి మార్చాం. ఓనరే అందర్నీ కూర్చోబెట్టి రెండు మాటలు చెప్పారు. ఈ అంకెలు చూసి ఎవరి కూలీ తగ్గించం. బోర్డు మీద మనిషి పేరు ఉండదు, మిషను పేరే ఉంటుంది. ఈ మాట కాగితం మీద రాసి గోడకి అంటించాం. అప్పుడు బటన్లు పెట్టాం.

బటన్లు ఎలా ఉండాలో చెబుతాను. ఆరుకి మించొద్దు. సెల్లు యాప్ వద్దు; చేతులకి జీడిరసం, పొట్టు అంటుకుని ఉంటే సెల్లు ఎవరు తీస్తారు? రూపాయి బిళ్లంత గట్టి బటన్లు, ఒక్కోటి ఒక్కో రంగు, పక్కన పెద్ద అక్షరాల్లో తెలుగు పేరు, చిన్న బొమ్మ. పేర్లు మీ నోటుబుక్కు మూడో గడిలోంచే రావాలి. మేం పెట్టినవి: గాలి చాలదు, పప్పు రాలేదు, బెల్టు-రిపేరు, శుభ్రం చేస్తున్నాం, వేరే పనికి పంపారు, ఇంకేదో. "వేరే పనికి పంపారు" అనేదాన్ని ఓనరు మొదట "మనిషి లేదు" అని రాయించారు. రెంటికీ తేడా ఎంతో ఆలోచించండి. లోడు లారీ వచ్చిందని పీలింగ్ దగ్గరి మనుషుల్ని బస్తాలు దింపడానికి పంపింది మేస్త్రీయే. "మనిషి లేదు" అని రాస్తే ఆ బటను ఎవరూ నొక్కరు.

మిషను మూడు నిమిషాలు దాటి ఆగితే చిన్న బజరు మోగాలి, కారణం నొక్కితే ఆగాలి. మూడు నిమిషాల లోపు ఆగుళ్లకి కారణం అడగొద్దు, విసిగిపోతారు. అవి ఎన్నిసార్లో మాత్రం లెక్కపెట్టి ఉంచండి. "ఇంకేదో" బటను రోజురోజుకీ ఎక్కువవుతుంటే తప్పు నొక్కేవాళ్లది కాదు, మీ జాబితాలో ఏదో కారణం లేదు. వెళ్లి అడగండి.

అలా అడిగితేనే మాకు అసలు సంగతి తెలిసింది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య మిషను నాలుగైదు నిమిషాలకోసారి ఆగుతోంది. మేస్త్రీ "మిషను పాతదైంది, కొత్తది కొనాలి" అన్నాడు. పెద్దమ్మ మాట వేరు: "మిసను దానంతటదే ఆగనేదు బాబూ, నానే ఆపీసినాను. గాలి సాలక పొట్టు ఊడ్నేదు. మళ్లీ మళ్లీ ఏత్తే పప్పు ముక్కలైపోతంది." గాలి ప్రెషరు తక్కువైతే పొట్టు పూర్తిగా ఊడదు. ఊడని పప్పుని రెండోసారి, మూడోసారి మిషనులో వేస్తే గుండు పప్పు బద్దవుతుంది, బద్ద ముక్కవుతుంది. గుండుకీ ముక్కకీ బజార్లో ధర తేడా ఎంతో పలాసలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆవిడ మిషను ఆపడం నష్టం కాదు, నష్టాన్ని ఆపడం. గ్రాఫు ఒక్కటే చూసుంటే కొత్త మిషనుకి ఆర్డరు పెట్టేవాళ్లం.

ఐదో అడుగు: గాలి లెక్క

ఇది మానిటరింగులో భాగమేనా అంటే, కంప్రెస్డ్ గాలి వాడే ప్రతి ఫ్యాక్టరీలోనూ ముందు దొరికే దొంగ ఇదే కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. కంప్రెసరుకి ఒక కిలోవాట్ మీటరు, ట్యాంకుకి ఒక ప్రెషరు సెన్సరు పెట్టండి. స్క్రూ కంప్రెసరు ఐతే గాలి నింపనప్పుడు, అంటే అన్‌లోడులో, ఊరికే తిరుగుతూ కూడా ఫుల్ లోడు కరెంటులో పావు వంతు నుంచి నలభై శాతం దాకా తింటుంది.

మధ్యాహ్నం భోజనాల వేళ ఒక పరీక్ష చేయండి. గాలి వాడే మిషన్లన్నీ కట్టేయండి, కంప్రెసరుని మాత్రం నడవనివ్వండి. వాడకం సున్నా కాబట్టి ప్రెషరు నిండాక కంప్రెసరు మళ్లీ లోడు ఎత్తుకోకూడదు. ఎత్తుకుంటే లీకులున్నట్టే. ఎన్ని సెకన్లు లోడులో ఉందో, ఎన్ని సెకన్లు అన్‌లోడులో ఉందో ఐదారు చుట్లు చూసి సగటు తీయండి. లోడు టైముని మొత్తం టైముతో భాగిస్తే లీకు శాతం వస్తుంది. లోడు 40 సెకన్లు, అన్‌లోడు 80 సెకన్లు అనుకోండి. 40 ని 120 తో భాగిస్తే 33 శాతం. మీ కంప్రెసరు పుట్టించే గాలిలో మూడో వంతు ఎవరికీ పనికిరాకుండా పోతోందన్నమాట. ప్రతి జాయింటుకీ సబ్బునీళ్లు పూయండి, బుడగ వచ్చినచోట సుద్దముక్కతో గుర్తుపెట్టండి. హోసు క్లిప్పులు, క్విక్ కప్లింగులు, ఆటో డ్రెయిన్ వాల్వు, ఈ మూడు చోట్లా ముందు చూడండి. ఆదివారం ఒక్కరోజు పని.

మనం చెప్పుకుంటున్న ఫ్యాక్టరీలో రెండు నుంచి నాలుగు మధ్యే ప్రెషరు ఎందుకు పడిపోయేదో కూడా ప్రెషరు గ్రాఫే చూపించింది. ఆ టైముకి అవతలి షెడ్డులో శుభ్రం కోసం ఎయిర్‌గన్నుతో నేల ఊదుతున్నారు. చీపురు ఇచ్చాం.

ఆరో అడుగు: ఒక్క అంకె

అన్నీ కలిపి చెప్పే కొలతని ఓఈఈ (ఓవరాల్ ఎక్విప్‌మెంట్ ఎఫెక్టివ్‌నెస్) అంటారు. జపానులో సెయిచీ నకజిమా టీపీఎం (మిషన్ల బాగోగులు అందరూ కలిసి చూసుకునే) పద్ధతితో పాటు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. మూడు ప్రశ్నలకి జవాబుల్ని గుణించడమే: నడవాల్సిన టైములో ఎంత నడిచింది, నడిచినప్పుడు ఎంత వేగంగా నడిచింది, తీసిన సరుకులో ఎంత మొదటిసారే బాగా వచ్చింది.

లెక్క కోసం అంకెలు ఊహించుకుందాం. షిఫ్టు 480 నిమిషాలు. భోజనం, టీలకి 50 తీసేస్తే నడవాల్సింది 430. ఆగుళ్లు, వట్టి తిరుగుడు కలిపి 95. నడిచింది 335. అంటే 77.9 శాతం. మిషను గంటకి 200 కేజీలు తీయగలదు అనుకుంటే 335 నిమిషాల్లో 1,117 కేజీలు రావాలి, వచ్చింది 880. అంటే 78.8 శాతం. ఆ 880 లో రెండోసారి వేయక్కర్లేకుండా వచ్చింది 810 కేజీలు. అంటే 92 శాతం. మూడూ గుణిస్తే 56.5 శాతం.

చూశారా, విడివిడిగా ఏదీ మరీ ఘోరంగా లేదు. గుణిస్తే సగానికి దిగింది. 85 శాతం ప్రపంచ స్థాయి అని నకజిమా పెట్టిన గీత ఒకటుంది. మొదటి ఏడాది ఆ గీత జోలికి వెళ్లొద్దని నా సలహా. మీ అంకెని మీ పోయిన నెల అంకెతోనే పోల్చుకోండి, పక్క ఫ్యాక్టరీ వాళ్లతో కూడా వద్దు. వాళ్లు టీ టైము తీసేసి లెక్కేశారో, కలిపి లెక్కేశారో మనకి తెలీదు. ఇంకొకటి: "గంటకి 200" అనే అంకె మిషను అమ్మినవాడి కాగితం మీదది పెట్టకండి. మీ దగ్గర మంచి పప్పుతో, మంచి ప్రెషరుతో, ఒక మంచి గంటలో ఎంత వచ్చిందో అదే పెట్టండి.

ఏడో అడుగు: గోడ మీద టీవీ, పొద్దున్న పది నిమిషాలు

షెడ్డులో అందరికీ కనబడేలా ఒక టీవీ. దాని మీద మూడే విషయాలు: ఇప్పటికి ఎంత కావాలి, ఎంత అయింది, మిషను ఇప్పుడు ఏ స్థితిలో ఉంది. తెలుగులో, ఇరవై అడుగుల నుంచి కనబడేంత అక్షరాలతో. గ్రాఫులు, శాతాలు ఆఫీసులో చూసుకోండి.

రోజూ పని మొదలయ్యే ముందు మిషను దగ్గరే నిలబడి పది నిమిషాలు మాట్లాడండి. ఓనరో సూపర్‌వైజరో, మేస్త్రీ, మిషను మీద పనిచేసేవాళ్లు. నిన్న ఎక్కువసేపు ఆగిన కారణం ఒక్కటి తీసుకోండి. ఈ వారం దాని మీదే పని. ఎవరు చేస్తారో, ఎప్పటికి చేస్తారో తెల్లబోర్డు మీద రాయండి. కుర్చీలు వేశారంటే ఆ పది నిమిషాలు గంటవుతాయి.

రెడీమేడ్ కొంటే

సొంతంగా చేసుకునే ఓపిక లేకపోతే అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. డబ్బు కట్టే ముందు ఇవి అడగండి. నెట్టు లేకపోతే అంకెలు పోతాయా, దాచుకుంటుందా? రెండో ఏడు నెలకి ఎంత కట్టాలి? కట్టడం మానేస్తే పాత అంకెలు నాకు ఎక్సెల్‌లో ఇస్తారా? వట్టి తిరుగుడునీ పనినీ విడదీస్తుందా? బటన్ల పేర్లు నేను మార్చుకోవచ్చా? సర్వీసు మనిషి విశాఖ నుంచి వస్తాడా, హైదరాబాదు నుంచా? చివరి ప్రశ్నకి నసిగితే నేనైతే కొనను.

ఉద్యం (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషను ఉన్నవాళ్లకి కేంద్రం 2023లో మొదలుపెట్టిన ఎంఎస్ఎంఈ కాంపిటీటివ్ లీన్ స్కీము ఉంది. లీన్ పద్ధతులు, అంటే వృథా తగ్గించే పద్ధతులు, దగ్గరుండి నేర్పే కన్సల్టెంటు ఖర్చులో 90 శాతం ప్రభుత్వం భరిస్తుంది. అది సెన్సర్లు కొనిపెట్టే స్కీము కాదు, మనిషిని పంపే స్కీము. ఇంతవరకూ చదివినవాళ్లకి సెన్సరు కంటే ఆ మనిషే ఎందుకు ముఖ్యమో చెప్పక్కర్లేదు. జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి.

రెండో మిషను ఎప్పుడు

మొదటి మిషను ఆగుళ్లలో అన్నిటికంటే పెద్ద కారణం రెండు నెలల పాటు ఒకటే అయి, దాన్ని మీరు సరిచేశాక, రెండో పెద్ద కారణం ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. రెండో సెన్సరు అక్కడ పెట్టాలి. పెద్ద మిషను ఏదో, ఖరీదైనది ఏదో చూసి పెట్టొద్దు.

ఆ జీడిపప్పు ఫ్యాక్టరీలో లీకులు కట్టి, గాలి ప్రెషరు నిలబడ్డాక "గాలి చాలదు" బటను దుమ్ము పట్టింది. "ఇంకేదో" మాత్రం పొద్దున్న పూట పెరిగింది. వెళ్లి అడిగితే పెద్దమ్మ ట్రేలోంచి రెండు పప్పులు తీసి నా అరచేతిలో పెట్టింది. ఒకటి వేళ్ల మధ్య నొక్కగానే పటుక్కున విరిగింది. రాత్రి బోర్మాలో మరీ ఎండిపోయిన పప్పు అది. పొట్టు ఊడేలోపే బద్దలవుతోంది. రాత్రి కాపలా ఉన్నవాడు వేడి చూడకుండా పడుకుంటున్నాడో, థర్మోస్టాటే తప్పు చూపిస్తోందో ఎవరికీ తెలీదు.

"గాలి బటను నాకొద్దు గానీ బాబూ, దాని మీద 'పప్పు మాడింది' అని రాసీ" అంది. రాశాం. ఆ వారమే బోర్మాలో పై ట్రే దగ్గర ఒకటి, కింది ట్రే దగ్గర ఒకటి, రెండు టెంపరేచరు సెన్సర్లు పెట్టాం. మొదటి రాత్రే పైకీ కిందికీ పన్నెండు డిగ్రీల తేడా కనబడింది.